మాటలు వచ్చేశాయని మూసేసిన ఫైలు

పిల్లల ఎదుగుదల సహాయ కేంద్రాల పర్యవేక్షణాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా కుమార్తె గ్లోరీ (వయస్సు ఐదేళ్లు) ధారాళముగా మాట్లాడుచున్నదని రాసి కేసు మూసివేసినందుకు అభ్యంతరం.

సాలూరులో లారీ బాడీలకు రంగులు వేసి, పేర్లు రాసి బ్రతుకు కృపానిధి అను నేను మనవి చేసుకొనునది.

1. నా కుమార్తెకు మాట రాలేదు. గుండీ పెట్టుకోలేదు, చెంచా పట్టలేదు. లారీ హారను వినబడితే చెవులు మూసుకొని మంచం కిందకు దూరును. మొండిపిల్ల అని బడివారు రెండుసార్లు ఇంటికి పంపినారు.

2. ఆగస్టు నుండి వారానికి రెండు రోజులు తమ కేంద్రమునకు తీసుకొని వెళ్లితిమి. థెరపిస్టు కుసుమకుమారి గారు గ్లోరీచేత చపాతీ పిండి పిసికించి, బట్టల క్లిప్పులు తీయించి వేళ్లకు బలం తెప్పించినారు. గొట్టంతో నీళ్లలో బుడగలు ఊదించినారు. హారను శబ్దం ఫోనులో సన్నగా వినిపించి, రోజుకింత పెంచుతూ భయం తగ్గించినారు. నవంబరులో ఒకనాడు అన్నం తింటూ గ్లోరీ నా భార్య యమున చెయ్యి లాగి "నీ" అన్నది. నీళ్లు. ఆ మాట మళ్లీ వినడం కోసం యమున గ్లాసు మీద గ్లాసు ముంచి బిందె ఖాళీ చేసినది.

3. డిసెంబరులో థెరపిస్టు గారిని జిల్లా కార్యాలయంలో కంప్యూటరు పనికి వేసినారు. మేము వెళ్లి చూడగా పిల్లలు ఊగే ఉయ్యాల మీద ఫ్లెక్సీ బ్యానర్లు ఆరబెట్టి ఉన్నవి. అడిగితే అక్కడి గుమస్తా, "పిల్లలన్నాక ఒకలు ముందు, ఒకలు ఎనక మాటాడతారు. దీనికేటి కంగారు?" అన్నారు.

4. జనవరిలో తనిఖీ ఉన్నదని ఫోను చేసి, పిల్లకు కొత్త గౌను వేసి తెమ్మన్నారు. థెరపిస్టు వచ్చినారేమోనన్న ఆశతో తెచ్చితిమి. రాలేదు. గుమస్తా గ్లోరీ చేతిలో ఎర్ర బంతి పెట్టి ఫొటో తీసి, "సాలు, ఎల్లండి" అన్నారు. తనిఖీకి వచ్చిన అధికారి జీడిపప్పు తినుచు పిల్ల వైపు తలైనా తిప్పలేదు.

5. బడి కోసం కాగితం అడుగగా ఇచ్చిన నివేదికలో ఇట్లున్నది: "పూర్తి వాక్యములు పలుకుచున్నది. స్వయముగా గుండీలు పెట్టుకొనుచున్నది. తల్లిదండ్రులు సంతృప్తి చెందిరి. కేసు మూసివేయడమైనది." కింద నా సంతకం. అది నాది కాదు. అక్షరాలు రాసి బ్రతికేవాణ్ణి, అంత వంకర 'కృ' ఏ లారీ వెనుకా రాయను. 

6. ఇప్పుడు "నీ" కూడా లేదు. దాహం వేస్తే గోడకు తల కొట్టుకొనుచున్నది.

కావున ఆ దొంగ సంతకంపై విచారణ జరిపి, ఫైలు తెరిపించి, థెరపిస్టు గారిని తిరిగి పంపవలెను. కుదరదంటే తమరే దయచేసి, మా పిల్లచేత ఆ పూర్తి వాక్యాల్లో ఒక్కటి పలికించవలెను. ఈ సంగతి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కృపానిధి, సాలూరు

తా.క.: ఇదంతా చదివి వినిపిస్తే యమున, "ఇంత మరియాదగా రాస్తే ఆళ్లు సదవరు. మా పిల్లకి మాట రానేదు, మీకు సిగ్గు రానేదు అని రాయి" అన్నది. ఆ వాక్యం ఆమెది. నేను దిద్దలేదు.