రంగులు కుదిరే దాకా

17 మే 2004

సిరిపురం కంప్యూటర్ ఆఫీసు శ్రీరామ్మూర్తి గారు 29న డెమో చూపించమన్నారు. వలలు, తాళ్లు అమ్మే షాపుకి బిల్లింగ్ ప్రోగ్రామ్. స్క్రీన్లు నావి, బిల్లుల లెక్క నా స్నేహితుడు నాగబాబుది. నచ్చితే ఇద్దరికీ ఉద్యోగం. వాడికిదే ఆఖరి గడువు. ఒకటో తారీఖున చేపల వేట నిషేధం ఎత్తేసేలోగా ఉద్యోగం రాకపోతే బోటెక్కాల్సిందేనని వాళ్ల నాన్న వీరన్న చెప్పేశాడట.

ఈరోజు ప్రోగ్రామ్ రాసుకునే విమ్ ఎడిటర్ రంగులు మార్చాను. నలుపు మీద ఆకుపచ్చ. రేపటి నుంచి పని.

19 మే

ఆకుపచ్చ కళ్లకి కొడుతోంది. పసుపు పెట్టాను.

22 మే

ఫాంట్ కుదిరింది. కుదిరాక లైన్ నంబర్లు మరీ ఎడమకి జరిగినట్టు కనిపించాయి. అవి సర్దేసరికి సాయంత్రమైంది. నాన్న స్టీల్ ప్లాంటులో షిఫ్ట్ దిగి వచ్చి, నిన్న కూడా ఇదే పేజీ కదరా అన్నారు. రంగు వేరన్నాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అనుకుంటూ స్నానానికి వెళ్లిపోయారు.

కోపం వచ్చింది. కర్సర్ మెరవకుండా చేశాను.

25 మే

నాగబాబు జాలరిపేట నుంచి బస్సులు మారి ఉక్కునగరం మా క్వార్టర్‌కి వచ్చాడు. వాడికి కంప్యూటర్ లేదు. నీదెంతవరకొచ్చింది బావా, నాను కూకునేదెప్పుడు అని అడిగాడు. లెక్కంతా బుర్రలో ఉందట, కొట్టడమే తరువాయట. శుక్రవారం రమ్మన్నాను. నాది దాదాపు అయిపోయిందన్నాను.

ఒక్క లైనూ రాయలేదు.

27 మే

సెట్టింగ్స్ ఫైలు తెరవడం, చూడడం, మూయడం. విసుగొచ్చి, ఎఫ్2 మీట నొక్కితే ఏ ఫైలైనా సేవ్ చేయకుండా మూసుకునేలా పెట్టాను. హాయిగా ఉంది.

నా స్క్రీన్లు మధ్యాహ్నం కూర్చుని కొట్టేశాను. ఒక్క పూట పని.

28 మే

అమ్మని సింహాచలం తీసుకెళ్లాను. వచ్చేసరికి నాగబాబు వెళ్లిపోయాడు. పొద్దున్నుంచీ కూర్చుని మొత్తం కొట్టేశాడట. సేవ్ చేసి మూసేశానని నాన్నకి చెప్పి వెళ్లాడట.

29 మే, ఉదయం 7

వాడి ఫైలు లేదు.

మేమంతా టర్బో సీ ఎడిటర్లో ప్రోగ్రామ్ రాయడం నేర్చుకున్నవాళ్లం. అందులో ఎఫ్2 అంటే సేవ్. వాడి వేలు దానంతటదే అటు వెళ్లి ఉంటుంది. నాదైనా వెళ్లేది.

29 మే, సాయంత్రం

శ్రీరామ్మూర్తి గారు స్క్రీన్లు చూసి రంగులు బాగున్నాయన్నారు. బిల్లు నొక్కితే ఏమీ రాలేదు. నన్ను ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. నాగబాబుని ఇంకా నేర్చుకోమన్నారు.

ఏటి నొక్కీసానో బావా, ఈ కంప్యూటర్ నాకు అచ్చిరాదు అన్నాడు వాడు. నీకైనా వచ్చిందని సంబరపడుతూ నాకు టీ ఇప్పించాడు. ఆ టీ తాగాను. ఇంత సిగ్గు నాకెప్పుడూ వేయలేదు.

30 మే

ఎఫ్2 సంగతి వాడికి చెప్పాలి.

31 మే

రేపు నాగబాబు బోటెక్కేలోగా, పొద్దున్నే హార్బర్‌కి వెళ్లి చెప్తాను. అక్కణ్ణుంచి శ్రీరామ్మూర్తి గారి దగ్గరికి వాణ్ణి తీసుకెళ్తాను.

1 జూన్

వెళ్లేసరికి బోటు కదిలింది. నాగబాబు వెనక నిలబడి తాడు చుడుతున్నాడు. గట్టు మీద నుంచి అరిచి చెప్పాను, మొత్తం చెప్పాను. ఇంజన్ పక్కనే ఉన్న వాడికి ఆ మోతలో ఏమీ వినబడలేదు. ఆఫీసుకి టైమైపోతంది, ఎల్లు బావా అని అరిచి చెయ్యి ఊపాడు.

వెళ్లాను.