గుర్రాల హోటల్లో గొర్రెల మంద

మంగళవారం రాత్రి, ఉదయగిరి

ఈ డైరీ తెరిచినవాడా, ఆ గుర్రాల హోటల్లో ఒక్క పూట దిగినా నువ్వు నీళ్ల దొంగవే.

జమీందారు గుర్రాలు పెంచిన తోటలో హోటల్ కట్టి, గెస్టుల స్వారీకి ఇప్పుడూ గుర్రాలు ఉంచి, గొర్రెలు కుంటకు పోయే దారికి గేటు పెట్టినారు. గుర్రాలకు కూలర్లు, గొర్రెలకు గేటు. మందకు వేరే నీళ్లు లేవు.

ఈ పొద్దు నేను గొర్రెలోళ్ల తరఫున గేటు బయట మైకులో హోటలోళ్లను తిడుతుంటే, ఏదో కారు కోసం గేటు తీసినారు. మా ఊరి కోటమ్మవ్వ మంద లోపలికి దూరి, పాత దారే పట్టి, దానికి అడ్డంగా కట్టిన స్విమ్మింగ్ పూల్ దగ్గర ఆగింది.

"రూమ్ బుక్ చేసినావా అవ్వా?" అన్నాడు మేనేజరు వెటకారంగా.

"వాటికి ఏసీ పడదులేరా. కుంటలో నీళ్లు తాగి పోతాయి."

గెస్టులు అదేదో ప్రోగ్రామనుకొని చప్పట్లు కొట్టినారు. వెంటనే మేనేజరు రోజూ మందను ఫోటోలకు తోలుకురమ్మన్నాడు. అవ్వ నీళ్ల మాటెత్తితే మాత్రం మందను నీళ్లు తాగనీకుండానే బయటికి తోలినాడు. లేత గొర్రెపిల్లలు రేపటి ఎండకు తట్టుకుంటాయో లేదో...

పొద్దున్నే వాడి మొహాన చెప్పాల్సినవి:
గేటు పగలంతా తీసి ఉంచాలి.
కుంట దారి వదలాలి.
అందాకా ఒక్క గొర్రె కూడా ఫోటో దిగదు.