నలభై సంతకాలు, ఒక్క సున్నా

విద్యాశాఖ అధికారి గారి సముఖమునకు,
హైస్కూలు గేటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న తాళాల బడ్డీ యజమాని రాసుకుంటున్న అర్జీ.

విషయం: తొమ్మిదో తరగతి 'సి' సెక్షనులో నలభై అబద్ధాలకు తలా ఐదు అదనపు మార్కులు, ఒక నిజానికి సున్నా వేయబడుట గురించి, సదరు అబద్ధాలన్నింటినీ ఈ అర్జీదారుడే సరఫరా చేసియుండుట గురించి.

అయ్యా,

నా చదువు తొమ్మిదో తరగతితో ఆగింది కాబట్టి ఇందులో తప్పులుంటే తమరే దిద్దుకుని చదువుకోవలసిందిగా ముందే మనవి. దిద్దినందుకు తమరికి అదనపు మార్కులేమీ ఉండవు.

తమ ఆఫీసులో బీరువాలు ఎక్కువని విన్నాను. వాటి తాళాలు ఎప్పుడైనా మొరాయిస్తే ఒక్క కబురు పెట్టండి. ఇది లంచం కాదు, పరిచయం.

ఇక ఫిర్యాదులు వరుస సంఖ్యతో మనవి చేసుకుంటున్నాను.

1. అదనపు మార్కుల పద్ధతి మీద నాకు కోపం లేదు. పరీక్షలో కాలుజారిన పిల్లలకు పట్టుకోవడానికి ఏదో ఒక కమ్మీ ఉండాలి. అయితే ఈ స్కూల్లో టీచర్లు తలా ఒక కమ్మీ పాతారు. నెలంతా నాగా లేకుండా వస్తే రెండు మార్కులని లెక్కల సారు అన్నారు. అప్పటినుంచి మా వీధిలో జ్వరాలు ఇంట్లో పడుకోవడం మానేసి బడికి వెళుతున్నాయి. రోజూ ఇంట్లో పెద్దవాళ్ళకు ఇంగ్లీషు పేపరు గట్టిగా చదివి వినిపించి సంతకం తెమ్మని ఇంగ్లీషు మేడం అన్నారు. మా అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. మనవరాలి మార్కుల కోసం నెల రోజులు కదలకుండా కూర్చుని విన్నది. ఆఖరి రోజున, "అంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ ఎవరు పోయారే?" అని అడిగింది.

2. ఇంట్లో దొరికే పురుగును సీసాలో పెట్టి తెచ్చి, దాని గురించి పది వాక్యాలు రాస్తే మూడు మార్కులని సైన్సు సారు అన్నారు. ఇల్లు శుభ్రంగా పెట్టుకునేవాళ్ళకు ఇది ఎంత అన్యాయమో తమరే ఆలోచించండి. వాళ్ళందరూ సీసాలు పట్టుకుని నా బడ్డీకి వచ్చారు. పాత తాళాల డబ్బా వెనక నేను పెంచకుండానే పెరిగిన నలభై బొద్దింకలను పంచిపెట్టాను. సదరు బొద్దింకల్లో ఒకటి స్టాఫ్ రూములో తప్పించుకుని డ్రిల్లు సారును బల్ల ఎక్కించిన సంగతితో నాకు ఏ సంబంధమూ లేదు.

3. అసలు సంగతి ఇక్కడ మొదలు. సోషల్ మేడం ఆరు ప్రశ్నల కాగితం ఒకటి అచ్చు వేయించి పంచారు. పనిచేసే మనిషి ఎవరినైనా కలిసి, ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకుని, కింద ఆ మనిషి సంతకం తేవాలి. ఐదు మార్కులు. మంచి ఆలోచనే. కానీ గేటు దాటగానే మొదట కనబడే పనిచేసే మనిషిని నేనే.

మొదటి రోజు ఐదుగురు వచ్చారు. ఐదు ప్రశ్నల దాకా నేను పరమ నిజాయితీగా ఉన్నాను. పాత తాళంచెవిని, గాట్లు లేని కొత్త దాన్ని మిషను మీద పక్కపక్కన ఎలా బిగిస్తామో చూపించాను. మిషను కోశాక ఆకురాయితో ఎందుకు రుద్దాలో చెప్పాను. ఒక అమ్మాయి చేత రుద్దించాను కూడా. ఆరో ప్రశ్న: "మీరు చదువు ఎందుకు ఆపేశారు?"

ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. నచ్చని ప్రశ్న వచ్చినప్పుడు నా నోరు నన్ను అడగకుండానే పని మొదలుపెడుతుంది.

"బ్యాంకులో ఇనప్పెట్టె బిగుసుకుపోయిందమ్మా. నేను తొమ్మిదో తరగతిలో కూర్చుని ఉన్నాను. మేనేజరు జీపేసుకుని బడికొచ్చాడు. తాళాలు తీసే కుర్రాడు ఎవడయ్యా అన్నాడు. వెళ్ళి జడపిన్నుతో మూడు నిమిషాల్లో తీశా. నీకింక చదువెందుకయ్యా అని నా పుస్తకాలు ఆయనే పట్టుకుపోయాడు."

"జడపిన్ను ఎవరిది అంకుల్?" అంది ఆకురాయి పట్టిన పిల్ల.

"మేనేజరు భార్యది. ఆవిడా జీపులోనే వచ్చిందిగా."

ఆ పిల్ల అదీ రాసేసుకుంది. ఐదు కాగితాల మీదా సంతకం చేశాను.

4. రెండో రోజు పదిహేనుమంది వచ్చారు. కాగితాలు నిండిపోయి ఉన్నాయి.

"ఇదేంట్రా, నన్ను అడగకుండానే నా గురించి రాసేశారు?"

"నిన్న వాళ్ళకి చెప్పారుగా అంకుల్. మళ్ళీ మీకెందుకు శ్రమ? సంతకం పెట్టండి చాలు, ట్యూషన్‌కి టైమైపోయింది."

మూడో రోజు ఇరవై మంది. వాళ్ళలో ఒకడు జీపును హెలికాప్టరు చేశాడు. నేను ఒప్పుకోలేదు. అబద్ధానికైనా ఒక హద్దుండాలి. కొట్టేయించి, జీపు అని రాయించాకే సంతకం చేశాను. ఆ విధంగా మొత్తం నలభై. క్లాసులో ఉన్నది నలభై ఒక్కమంది.

5. ఆ నలభై ఒకటో మనిషి మా అమ్మాయి. ఇంట్లో మేమందరం పిలిచే పేరు జడ్జిగారు. అబద్ధం చెప్పదు, ఎదుటివాళ్ళు చెబితే ఊరుకోదు. ఇటువంటి పిల్ల నా కడుపున ఎలా పుట్టిందో మా ఆవిడకు కూడా అంతుపట్టడం లేదు. పరీక్షలో జవాబు రాకపోతే తక్కిన పిల్లలు ఏదో ఒకటి అల్లి పేజీ నింపుతారు. మాది, "ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలియదు" అని రాసి, కింద గీత గీసి వస్తుంది. ఆ గీతల పుణ్యమాని సోషల్‌లో ముప్పై రెండు వచ్చాయి. గట్టెక్కాలంటే ముప్పై ఐదు కావాలి. తప్పితే మళ్ళీ తొమ్మిదో తరగతే. కాబట్టి ఈ కాగితం మీద వచ్చే ఐదు మార్కులే దానికి దారి.

అది నన్ను ఇంట్లో కూర్చోబెట్టి అడిగింది. ఆరో ప్రశ్న దగ్గర నేను గొంతు సవరించుకుని, "బ్యాంకులో ఇనప్పెట్టె..." అన్నాను.

"నాన్నా, నాకు జీపొద్దు," అని లేచి నానమ్మ దగ్గరికి పోయింది. నెల రోజులుగా ఇంగ్లీషు వింటున్న మా అమ్మ, ఎవరైనా తెలుగులో ఒక ప్రశ్న అడుగుతారా అని కాచుకుని ఉంది. మొత్తం చెప్పేసింది.

జరిగింది ఇది. తొమ్మిదో తరగతి లెక్కల్లో నాకు నాలుగు మార్కులు తగ్గాయి. ఆ రోజుల్లో అదనపు మార్కుల మాట లేదు. అయినా మా లెక్కల మాస్టారు నన్ను పక్కకు పిలిచి, "సోమవారం రారా, నీ ఒక్కడికీ మళ్ళీ పరీక్ష పెడతాను, ఆ నాలుగూ నువ్వే తెచ్చుకుందువుగాని" అన్నారు. క్లాసులో అందరినీ నవ్వించేవాణ్ణి నేను. మళ్ళీ తప్పితే అప్పుడూ నవ్వుతారు, కాకపోతే ఆ నవ్వు నేను తెప్పించింది కాదు. సోమవారం గేటు దాకా వెళ్ళాను. కాసేపు నిలబడ్డాను. అటునుంచి అటే మా మేనమామ తాళాల కొట్టుకు పోయాను. బడి మూతపడిందని ఇంట్లో చెప్పాను. మా అమ్మ మూడు నెలలు నమ్మింది.

చాలా ఏళ్ళ తర్వాత ఆ మాస్టారి ఇంటి తాళంచెవి పోతే నన్నే పిలిచారు. నేను వంగి ఆకురాయితో రుద్దుతుంటే, "ఆ సోమవారం సాయంత్రం దాకా కూర్చున్నానురా," అన్నారు. అడగకపోయినా ఇంకొక తాళంచెవి అదనంగా చేసిచ్చి వచ్చేశాను. ఆ రాత్రి మా అమ్మకు ఒక్కదానికే సంగతంతా చెప్పాను.

మా అమ్మాయి ఇదంతా రాసి సంతకానికి తెచ్చింది. ఆ సమయంలో నా చేతులకు నూనె ఉండటం వల్ల సంతకం చేయడానికి వీలుపడలేదు. అది సంతకం లేకుండానే ఇచ్చేసింది.

6. కాగితం తిరిగి వచ్చింది. ఎర్ర సిరాతో ఇలా ఉంది: "నలభై మందికి ఒకటి చెప్పిన మనిషి సొంత కూతురికి వేరే చెబుతాడా? కల్పించి రాశావు. సంతకం కూడా లేదు. 0."

బడ్డీ మూసి స్కూలుకు వెళ్ళాను.

"మేడం, మా అమ్మాయి రాసింది నిజమండీ."

"మరి ఆ నలభై?"

"అవి నావండీ."

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అంటే బ్యాంకు, జీపు..."

"బ్యాంకులోకి నేను పెన్ను అడుక్కోవడానికి తప్ప ఎప్పుడూ వెళ్ళలేదండీ."

"ఆ జడపిన్ను కూడానా? నేను దాన్ని ఇంకో రెండు క్లాసుల్లో చెప్పానయ్యా!"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కాస్త గర్వంగా కూడా అనిపించింది, అది వేరే విషయం.

"ఇప్పుడు నలభై మందివీ కొట్టెయ్యమంటారా?" అన్నారు మేడం. "ఏడుగురు ఆ ఐదు మార్కులతోనే బయటపడ్డారు. పైగా జాబితా పైకి పంపేశాను, నా చేతిలో లేదు. పై ఆఫీసుకు రాసుకోండి. జరిగింది జరిగినట్టు రాసి, కింద మీరు సంతకం పెట్టండి. మీకది కొత్తే అనుకోండి."

ఇంటికొచ్చి జడ్జిగారితో బేరం పెట్టాను. "ఇంకో కాగితం తీసుకుని ఆ జీపే రాసెయ్యవే. సంతకం పెడతా, మేడం కాళ్ళావేళ్ళా పడతా. అందరిదీ ఒకటే అయితే గొడవుండదు."

"నలభై ఉన్నాయిగా నాన్నా, ఇంకోటెందుకు?" అంది. మళ్ళీ తొమ్మిదో తరగతి పుస్తకాలకు అట్టలు వేసుకోవడం మొదలుపెట్టింది. అయ్యా, ఏడ్చి ఉంటే ఏదో ఒక జోకు వేసి ఊరుకోబెట్టేవాణ్ణి. అట్టలు వేసుకునే పిల్లను ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

కాబట్టి ప్రార్థించునది ఏమనగా:

అ) జతపరిచిన కాగితంలో ఉన్నది నిజం. ఇప్పుడు కింద నా సంతకం ఉన్నది. దానికి రావలసిన ఐదు మార్కులు ఇప్పించవలెను. గట్టెక్కడానికి మూడు చాలు, రెండు ఎక్కువ ఇచ్చారని మా అమ్మాయి తిరిగి తెచ్చిచ్చినా తీసుకోకండి.

ఆ) తక్కిన నలభై మందివీ ముట్టుకోవద్దు. పెద్దమనిషి చెప్పింది పిల్లలు రాసుకున్నారు. ఒకరిది చూసి ఒకరు రాసిన సంగతి తమరి కళ్ళజోడుకు కనబడకూడదని మనవి.

ఇ) ఎవరికో ఒకరికి కోత పడాలంటే, నలభై ఐదులు రెండు వందలు, నా తొమ్మిదో తరగతి లెక్కల మార్కుల్లోంచి తీసుకోవచ్చు. అక్కడ ఉన్నవి ముప్పై ఒకటి. మిగతావి వాయిదాల మీద.

ఈ) విచారణకు పిలిస్తే వస్తాను. రోజు తమరి ఇష్టం. సోమవారమైతే మరీ మంచిది. ఈసారి గేటు దగ్గర ఆగను.

నన్ను నమ్మవలసిన పని లేదు. మా అమ్మాయి రాసిన కాగితం ఒక్కటీ చిత్తగిస్తే చాలును.

ఈ ఒక్క అర్జీ వరకు
తమ విధేయుడు,
తాళాల బడ్డీ యజమాని

తా.క.: సాక్షి సంతకం కూడా ఉంటే బలంగా ఉంటుందని అర్జీని జడ్జిగారికి ఇచ్చాను. మొత్తం చదివి, ఇందులో ఇంకా రెండు అబద్ధాలున్నాయి, దిద్దితేనే సంతకం అంది. దిద్దుతున్నాను.

రెండో అంశంలోని బొద్దింకలు నలభై కావు, పదకొండు.

ఐదో అంశంలో నా చేతులకు నూనె లేదు. ఆ రోజు ఆదివారం, బడ్డీ తెరవలేదు. కాగితం రెండుసార్లు చదివి, స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి కూర్చున్నాను. బకెట్టు నిండి పొర్లిపోతున్నా బయటికి రాలేదని సాక్షి అంటున్నది. నిజమే.

ఇప్పుడు సంతకం పెట్టింది.