జనరల్‌గా ఏడవడం మాకు రాదు

మా పల్లె క్రిస్మస్ నాటకంలోంచి, చచ్చిపోయిన మావాళ్ళ పేర్లు కొట్టేశారు. ఎర్ర సిరాతో, స్కేలు పెట్టి, అడ్డంగా. కొట్టేసింది తమ కింద పనిచేసే అధికారి. అందుకే తమకు రాస్తున్నాను.

డివిజన్ అధికారి గారికి,

విషయం: మైకు పర్మిషన్ నిమిత్తము తీసుకున్న నాటకములో పేర్లు తొలగించుట – వాటిని తిరిగి చేర్చుట – గురించి.

అయ్యా,

నా పేరు ఫిన్నీ. రేపల్లె దగ్గర పల్లెలో ఉంటాను. నిజాంపట్నం రేవులో బోట్లకి ఐసు కొట్టి ఎక్కించే పని. బడి ఎనిమిదితో ఆపేశాను. తర్వాత చదివిందంతా నా అంతట నేను చదివిందే. నాటకం కాగితం మీద పెట్టింది నేను, కనుక తప్పేదైనా ఉంటే నాది. ఈ క్రింది అంశములు తమ దృష్టికి తీసుకొనివచ్చుచున్నాను.

1. మేము మొదటినుంచీ ఇక్కడివాళ్ళం కాదు. నేను పుట్టకముందు మావాళ్ళు తెనాలి అవతల వేరే ఊళ్ళో ఉండేవాళ్ళు. మా కుర్రాళ్ళు ఇద్దరు అక్కడి హోటల్లో బల్ల మీద కూర్చుని టిఫిన్ తిన్నందుకు ఊరు మొత్తం కర్రలూ గొడ్డళ్ళూ పట్టుకుని పల్లె మీద పడింది. చేలగట్ల మీదుగా పరిగెత్తగలిగినవాళ్ళు బతికారు. మా నాయనమ్మ వెంకటరత్నమ్మ ఇద్దరు కొడుకుల చేతులు పట్టుకుని పరిగెత్తింది. గట్టు దాటి చూసుకుంటే ఒక చెయ్యే ఉంది. అది మా నాన్నది. చిన్నవాడు ప్రేమ్ కుమార్ మర్నాడు పంటకాలవలో దొరికాడు. వాడు నాకు బాబాయి అవుతాడు. పలకా బలపం వయసులో ఆగిపోయిన బాబాయి.

2. ఆ ఏడు క్రిస్మస్‌కి మావాళ్ళు తెనాలిలో ఒక చర్చి బడి వరండాలో తలదాచుకుని ఉన్నారు. పిల్లలు నాటకం వేశారు. యేసు పుట్టాడని విని ఒక రాజు పసిపిల్లలందరినీ చంపిస్తాడే, ఆ కథ. తల్లుల వేషం కట్టిన ఆడపిల్లలు స్టేజీ మీద "అయ్యో కుమారుడా" అని ఏడుస్తుంటే, కింద కూర్చున్న మా నాయనమ్మ లేచి నిలబడి "ఒరే ప్రేమ్ కుమారూ" అని పిలిచింది. పక్కావిడ లేచి తన మొగుడి పేరు పిలిచింది. తర్వాత ఇంకొకావిడ. నాటకం అక్కడితో ఆగిపోయింది. ఆఖర్న మా నాయనమ్మ పాస్టరు గారిని అడిగిందట: "చంపించినోడి పేరు బైబిలు వాక్యంలో రాశారు. చచ్చిపోయిన పిల్లల పేర్లు ఒక్కటీ రాయలేదేంటయ్యా?"

అప్పట్నుంచి మా నాటకం తిరగబడింది. రాజుకి మా నాటకంలో పేరు లేదు, ఉత్త రాజు. ఏడుపు స్టేజీ మీద ఉండదు. ముందు వరస ఆడవాళ్ళది. ఒక్కొక్కరూ లేచి తమ మనిషిని పేరు పెట్టి పిలుస్తారు. అంతసేపూ రాజు వేషం వేసినవాడు కిరీటం తీసేసి, నేల మీద కూర్చుని, చివరి పేరు దాకా వినాలి. మధ్యలో లేవకూడదు. మమ్మల్ని చంపినవాళ్ళ పేర్లు మేం ఏ ఏడూ పలకలేదు. ఈ మాట తమరు రెండుసార్లు చదవవలెను.

3. ఇన్నేళ్ళూ ఎవరూ అడగని స్క్రిప్టు ఈ ఏడు అడిగారు. ఎందుకో మాకు తెలుసు. అప్పట్లో మా మీద పడిన ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన మొన్నటి ఎన్నికల తర్వాత పదవిలోకి వచ్చారు, ఇటువైపు తిరుగుతున్నారు. స్క్రిప్టుతో పాటు పాత్రధారుల ఆధార్ జిరాక్సులు కూడా కావాలన్నారు. బాలయేసుగా పడుకోబెట్టేది మా అక్క షారోన్ కూతుర్ని. ఇంకా పాలు తాగే పిల్ల, ఆధార్ రాలేదు. శాంతియుతముగా ప్రవర్తించునని వాళ్ళమ్మ చేత హామీ రాయించుకున్నారు. సరే, రాసిచ్చాం.

4. స్క్రిప్టు వెనక్కి తెచ్చుకోవడానికి నేనూ, రాజు వేషం వేసే సందీపూ వెళ్ళాం. సందీప్ రేపల్లెలో చికెన్ సెంటర్లో చేస్తాడు. అక్కడ తమ అధికారితో జరిగిన సంభాషణ యథాతథముగా:

"ఏడుపు ఉంచుకోండయ్యా, ఏడుపుకి నేనేం అడ్డం చెప్పట్లేదు. పేర్లు తీసేయండి."

"పేర్లు లేకపోతే ఎవరి కోసం ఏడవాలండి?"

"జనరల్‌గా ఏడవండి."

సందీప్ నోరు ఊరుకోదు. "మరి నేను కూడా జనరల్‌గా చంపనా సార్?"

"నువ్వు బయటికెళ్ళు ముందు." వాడు వెళ్ళాక నాతో అన్నారు: "ఆ కేసు కోర్టులో కొట్టేశారు కదా తమ్ముడూ. కేసే నిలబడనప్పుడు మైకులో ఆ పేర్లెందుకు?"

"కేసు కొట్టేస్తే చచ్చిపోయినోళ్ళు లేచొచ్చారాండి?"

"చదువుకునేవాడిలా ఉన్నావు, మంచి నాటకం రాసుకో. సాహిత్యం అంటే మనసుకి హాయిగా ఉండాలి. ఈ ఏటికి ఇట్లా కానీండి, పేర్ల సంగతి వచ్చే ఏడు చూద్దాంలే."

5. సాహిత్యం గురించి నా జవాబు. తెనాలిలో పద్యనాటకం వేస్తే యుద్ధంలో పోయిన రాజకుమారుణ్ణి పేరు పెట్టి, రాగం తీసి, తల్లి ఏడుస్తుంది. జనం వన్స్‌మోర్ కొడితే మళ్ళీ ఏడుస్తుంది. దాని మీదికి ఎవరూ ఎర్ర సిరా తియ్యరు. రాజకుమారుడు చస్తే సాహిత్యం, మా బాబాయి చస్తే శాంతిభద్రతల సమస్య. యుద్ధాలూ ఊచకోతలూ తీసేస్తే మన కథల్లో ఏం మిగులుద్దో తమ అధికారినే రాసి చూపించమనండి.

6. వచ్చే ఏడు చూద్దాం అన్న సలహా మాకు పనికిరాదు. కారణం చెప్తాను. మా నాయనమ్మకి మతి పోతోంది. నన్నే ప్రేమ్ కుమార్ అంటోంది. నేను పనికి బయల్దేరుతుంటే "గట్టు మీద జాగర్తరా, చెయ్యి వదలమాక" అంటోంది. కొడుకు పోయాడని ఒక పూట గుర్తుంటుంది, ఒక పూట ఉండదు. పోయిన ఏడు మాత్రం ముందు వరసలో లేచి, ఎప్పటిలాగే పిలిచింది. పిలిచి కూర్చున్నాక నన్ను ఫిన్నీ అంది. ఆ ఒక్క రోజూ వాడు వాడే, నేను నేనే. పేర్లు కొట్టేసిన సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు. నాటకం ఎప్పుడని రోజూ అడుగుతోంది. వచ్చే ఏటికి ఆవిడకి ఆ పేరు గుర్తుంటుందని తమరు హామీ రాసిస్తారా? బాలయేసు చేత రాయించుకున్నారు కదా.

కావున కోరుచున్నది ఒక్కటే. కొట్టేసిన పేర్లన్నీ తిరిగి రాసి పర్మిషన్ ఇవ్వవలెను. కుదరదంటే, కొట్టేసిన ప్రతి పేరు పక్కనా "ఈ మనిషి కోసం ఏడవరాదు" అని రాసి, తమ సంతకము, స్టాంపు వేసి పంపవలెను. రెండింటిలో ఏదో ఒకటి చిత్తగించవలెను. తమరు నాటకానికి వస్తే ముందు వరస పక్కన కుర్చీ వేస్తాం. మా దగ్గర నేల మీద కూర్చునేది రాజు ఒక్కడే.

ఇట్లు,
ఫిన్నీ

('తమ విధేయుడు' అని రాయాలట. జవాబు చూశాక రాస్తాను.)

తా.క.: శనివారం సాయంత్రం తమ ఆఫీసు తలుపులు వేసే లోగా జవాబు రావలెను. రాకపోతే సోమవారం బాపట్లలో, కలెక్టరు గారు అర్జీలు తీసుకునే చోట, మా ముందు వరస మొత్తం నిలబడుతుంది. ఒక్కొక్కరూ అక్కడే పిలుస్తారు. దానికి మైకు అక్కర్లేదు.