కొత్త వడ్లు పోసిన రోజు

మెర్సీ తల్లికి, మీ చెల్లి మిల్లు తిరిగిందమ్మా! శనివారం పొద్దున్న పాస్టరుగారు ప్రార్థన చేశారు, కృపారాణి స్విచ్ వేసింది, రేకుల షెడ్డంతా ఒక్కసారి అదిరింది. దేవునికి స్తోత్రం! నా ఆనందం ఏ మాటల్లో రాయను తల్లీ, చదివింది ఐదో తరగతే. మస్కట్‌లో నువ్వూ, అల్లుడుగారూ కులాసా అని తలుస్తాను. మా క్షేమం సంగతి కింద రాస్తాను.

పెద్ద మిల్లులుండగా మన దగ్గరికి ఎవరొస్తారు నాన్నా అని అడిగావు. లారీ ధాన్యమైతే వాళ్లు చూస్తారు గానీ, అరెకరం కౌలురైతు తెచ్చిన రెండు బస్తాలు విడిగా ఆడరమ్మా. అందరివీ కలిపేసి ఏవో బియ్యం చేతిలో పెడతారు. మన దగ్గర ఎవరి వడ్లు వాళ్ల కళ్లముందే ఆడి, తవుడుతో సహా వాళ్లకే ఇస్తాం. సైకిళ్ల మీద బస్తాలేసుకుని కాలవగట్టు పొడుగునా నిలబడ్డారంటే నమ్ము!

ముందు మన వడ్లే పోశాం. అప్పుడే కోసినవి. కొత్త వడ్లు మాగకుండా ఆడిస్తే బియ్యం విరిగిపోతాయని ఇక్కడ చంటిపిల్లకైనా తెలుసు. అలాగే అయింది, వచ్చిందంతా నూకే. పక్క చేను లాజరు ఊరుకుంటాడా?

"ఏంటి బాబాయ్, బియ్యం మిల్లని పిలిచి ఉప్మారవ్వ మిల్లు చూపిస్తున్నారేంటండీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కృపారాణి ఊకగుట్ట వెనక్కి వెళ్లి ఏడ్చింది.

వాళ్లు నవ్వినందుకు కాదమ్మా. ఇంక దాచలేను. మీ అమ్మకి గొంతులో ఆ జబ్బు తిరగబెట్టింది. ఇక ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు డాక్టర్లు. నీకు చెప్పొద్దని అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. ఫోనులో నీ గొంతు వింటే నాకు మాట రాదు, అందుకే కాగితం పట్టుకున్నాను. వడ్లు మాగనిద్దాం అమ్మా అని కృపారాణి ఎంత చెప్పినా మీ అమ్మ వినలేదు.

"నీ వడ్లకి నెల టైముందే. నాకు లేదు. పోసెయ్యి" అంది.

ఆ నూకతోనే మీ చెల్లి జావ కాచింది. నీళ్లే మింగలేని మనిషి రెండు చెంచాలు తాగిందమ్మా! "మంచి బియ్యమే వస్తే నేను తినగలిగేదాన్నా, పిచ్చిదానా" అని దాని తల నిమిరింది. సెలవు దొరికిన రోజే బయల్దేరి రా తల్లీ.

ఇట్లు,
మీ నాన్న, ఏసురాజు

తా.క. అందరికీ ఫోన్లు నువ్వే చెయ్యి, నావల్ల కావడం లేదు. ముందు మిల్లు సంగతి చెప్పి సంతోషపెట్టి, తర్వాత రమ్మను. సాల్మన్ పెదనాన్నకి. ధవళేశ్వరం అత్తకి. రామచంద్రపురంలో మావయ్యకి. ఉప్పాడలో మీ పిన్నికి. పొలం గొడవ నుంచి అమ్మకీ ఆవిడకీ మాటల్లేవు కదా, ఆవిడకి మిల్లు సంగతి వద్దు. మీ అక్క నీ పేరే కలవరిస్తోందని చెప్పు.