దాసప్ప నడిచిన పదడుగులు

మల్లీశ్వరికి,

దాసప్ప రాయునది. ఇక్కడ నేనూ పాపా క్షేమం. అలా రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. బెంగళూరులో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. ఫోనులో అయితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను. అందుకే ఈ కాగితం నీ పక్కింట్లో పనిచేసే ఆంజినమ్మ ఊరికొచ్చి తిరిగి పోతుంటే ఆమె చేతికిస్తున్నాను.

నువ్వడిగినవి ముందు చెబుతాను. చౌడేశ్వరి బడికి పోతోంది. జడ నేనే వేస్తున్నాను, వంకరగా వేశానని రోజూ తిట్లే. మేకలు ఎలా ఉన్నాయన్నావు. లేవు. ఒకటి తుంటినొప్పి మాత్రలకు, ఇంకొకటి ఇంటి సరుకులకు పోయింది. చింతచెట్టు మీద నుంచి పడి ఏడాదైంది, ఈ ఏడాదిలో నేను తెచ్చింది ఒక్క పైసా లేదు.

ఇక డాక్టరు సంగతి. వైకల్యం నలభై శాతం వేస్తేనే పింఛను, ఆయన ముప్పై అయిదు వేశాడు. లంచం అడిగాడని నీకు చెప్పాను. అబద్ధం. పాపం, ఆయన ఏమీ అడగలేదు.

ఆ రోజు పుట్టపర్తి క్యాంపుకు, చింతతోపులు గుత్తకు పట్టే గురుమూర్తి వాళ్ళమ్మను తీసుకొచ్చాడు. ఏటా నన్ను చెట్టెక్కించేది ఆయనే కదా. కుంటుతుంటే చూస్తే ఇక పనికి పిలవడని భయమేసింది. ఊతకట్టె గోడకు ఆనించి, పళ్ళు బిగబట్టి, పదడుగులు నిటారుగా నడిచాను. "మెట్లు ఎక్కి దిగగలవా?" అన్నాడు డాక్టరు. తలుపు తెరిచే ఉంది. గురుమూర్తికి వినబడాలని "ఓ, పరిగెత్తుతా సార్" అన్నాను. డాక్టరు అదే రాసుకున్నాడు.

బయటికొచ్చి పని అడిగితే గురుమూర్తి ఏమన్నాడో తెలుసా? "నడుస్తాండావు సరే దాసప్పా, చెట్టెక్కేది నీతో యాడయితాది? మళ్లా పడితే నా మెడకు చుట్టుకుంటాది."

థూ, నా పౌరుషం పాడుగాను!

మళ్ళీ చూడమని అర్జీ ఇచ్చాను. ఎప్పుడు పిలుస్తారో తెలియదు.

వచ్చే సోమవారం వచ్చి డాక్టరు చొక్కా పట్టుకుంటానని రాశావు. నువ్వు ఊరికి పోతే వేరే మనిషిని పెట్టుకుంటానని నువ్వు పనిచేసే ఇంటి అమ్మగారు ముందే చెప్పింది కదా. ఇప్పుడు ఇంట్లో పొయ్యి వెలిగేది నీ జీతంతోనే. "మాయమ్మ సోమారం వస్తాండాది" అని చౌడేశ్వరి వీధంతా చెప్పుకుని తిరుగుతోంది.

నన్ను ఎంతైనా తిట్టు, పడతాను. రావద్దు మల్లీశ్వరీ.

ఇట్లు,
చౌడేశ్వరి నాయన