బండికి కట్టిన గంట

మదనపల్లె

లింగప్ప గారికి తేజోరథం సెల్ఫ్ డ్రైవ్ కార్ల ఆఫీసు నుంచి జాహ్నవి నమస్కారాలు.

మీరు కుప్పం ఆసుపత్రికి తీసుకెళ్ళి తిరిగిచ్చిన తెల్ల కారు ఎడమ తలుపుకు సొట్ట పడింది. ఫోటో జతచేశాను. బాగుచేయించే ఖర్చు మీరే భరించాలి.

ఇట్లు,
జాహ్నవి

తా.క. ఫోన్ చేస్తే "ఈడ సిగ్నల్ నిలవదమ్మా, ఉత్తరం రాయి" అని పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం.

పుంగనూరు దగ్గర పల్లె

అమ్మా జాహ్నవీ, లింగప్ప దీవెనలు.

సొట్ట పడిన మాట నిజమే. ఆ బండి మేం తెచ్చింది కాదు, అదీ నిజమే. కళ్ళ ఆపరేషన్ అంటే నా భార్య కెంపమ్మకు భయం. బండి ఎక్కనంటే ఎక్కనంది. "గంట కట్టిన ఆవు యాడికి పోయినా ఇంటికొస్తాది. దీనికీ కడితేనే వస్తా" అని కూర్చుంది. మా ఆవు గౌరి మెడలో గంట విప్పి, బండి వెనక కింద కొక్కేనికి కట్టాను. మా అబ్బాయి మురళి తోలాడు. క్షేమంగా తిరిగొచ్చాం. బండి అప్పగించే తొందరలో గంట మరిచాం. నీ ఫోటోలో వెనక భాగమంతా కనబడుతోంది, గంట లేదు.

ఇట్లు,
లింగప్ప

తా.క. గంట పంపు తల్లీ. గౌరి ఎక్కడ మేస్తోందో ఇన్నాళ్ళూ కెంపమ్మకు ఆ చప్పుడుతోనే తెలిసేది. ఇప్పుడు నల్లద్దాలు పెట్టుకుని ఏడుస్తోంది. కళ్ళు తడవకూడదని డాక్టరు చెప్పాడు.

మదనపల్లె

లింగప్ప గారికి నమస్కారాలు.

కారు కింద టార్చి వేసి వెతికాం. గంట లేదు. కట్టినట్టు మీరే రాసిచ్చారు కాబట్టి "కనబడని సామాను: గంట ఒకటి" అని మీ బిల్లులో చేర్చమన్నారు మా మేనేజరు హరినాథ్ గారు. చేర్చాను.

ఇట్లు,
జాహ్నవి

తా.క. కెంపమ్మ గారి కళ్ళు ఎలా ఉన్నాయి? ఇది ఆఫీసు అడగమన్నది కాదు.

పుంగనూరు దగ్గర పల్లె

అమ్మా జాహ్నవీ, దీవెనలు.

పోయింది మా గంట, కట్టాల్సిందీ మేమేనా? మీ మేనేజరు మా ఇంట్లో పుట్టుంటే మా ఆవుకు మేమే బాకీ పడేవాళ్ళం. మందలు కలిసిపోతే మేం కళ్ళతో వెతకం, చెవులతో వెతుకుతాం. మీ తెల్లబండ్లన్నీ ఒకసారి కదిలించి విను.

ఇట్లు,
లింగప్ప

తా.క. నువ్వు అడిగావని కెంపమ్మ పొంగిపోయింది. "ఆ పిల్లకు పెండ్లయిందేమో అడుగు" అంటోంది. నేను అడగలేదు.

మదనపల్లె

పూజ్యులు లింగప్ప గారికి నమస్కారాలు.

విన్నాను. గుర్రంకొండ వెళ్ళొచ్చిన కారు ఒకటి గేటులోకి వస్తూ గణగణమంది. ఆ కారు తీసుకున్నవాళ్ళంతా చప్పుడని ఫిర్యాదు చేస్తే మా మెకానిక్ ఇంజనే విప్పి చూశాడట. మీకు దాని తాళం ఇచ్చి, కాగితంలో పక్క కారు నంబరు రాశాం. సొట్ట పడిన కారును ఆ రోజు తోలింది హరినాథ్ గారి బావమరిది. బిల్లు రద్దయింది. గంట పంపుతున్నాను. మమ్మల్ని మన్నించండి.

ఇట్లు,
జాహ్నవి

తా.క. పెండ్లి కాలేదని కెంపమ్మ గారికి చెప్పండి. మీరు అడగలేదు కాబట్టి మీకు చెప్పడం లేదు.

పుంగనూరు దగ్గర పల్లె

అమ్మా జాహ్నవీ, దీవెనలు.

గంట చేరింది. నల్లద్దాలు తీసేశాం. గౌరికి కట్టబోతే కెంపమ్మ నా చేయి పట్టుకుంది. "ఇంక గంట యాల? అదో, ఆడ సింతసెట్టు అవతల నిలబడి ఉండాది. నాకు కనపడతాంది" అంది. అంత దూరంలో ఉన్న గౌరిని ఆమె చూసి ఎన్నేళ్ళయిందో. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. నా కళ్ళకు డాక్టరు ఏమీ చెప్పలేదు కాబట్టి నేను ఏడ్చాను.

ఇట్లు,
లింగప్ప

తా.క. గంట నీకే తిరిగి పంపుతున్నాను. కెంపమ్మ మాట ఇది: "మనకు కండ్లు వచ్చినాయి. ఏ బండి ఏదో తెలీంది వాళ్ళకే. ముందు ఆ బావమరిది తోలే దానికి కట్టమను."